తాళంచెవి ఉంది, ఇల్లు దూరం: మన సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్యులకు నమస్కారం.

కిందటి ఏడాది నివేదిక చదివిన ఒక పెద్దాయన "అర్జీ ఇచ్చాం, వినతిపత్రం ఇచ్చాం అని రాస్తారే గానీ ఆ తర్వాత ఏమైందో ఎందుకు రాయరు?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. అందుకే ఈసారి అర్జీల పట్టిక వేయడం లేదు. జమాఖర్చులు నోటీసు బోర్డు మీద ఉన్నాయి, చూసుకోగలరు.

ఈ ఏడాది మన సమయంలో ఎక్కువ భాగం కర్నూలు జగన్నాథ గట్టు మీద పట్టణ పేదలకు ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్ల చుట్టూనే గడిచింది. ఈ ఇళ్లు మూడు కొలతలవి: 300, 365, 430 చదరపు అడుగులు. 300 అడుగుల ఇల్లు ఒక్క రూపాయికే ఇవ్వాలని 2020లో నిర్ణయించారు. మిగిలిన రెండు రకాల్లో లబ్ధిదారు వాటాను సగానికి తగ్గించి 25 వేలు, 50 వేలు చేశారు. ప్రభుత్వ సాయం పోగా మిగతాది బ్యాంకు రుణం. చిక్కంతా ఈ రుణం దగ్గరే. ఇల్లు చేతికి రాకముందే వాయిదా కట్టమని నోటీసు అందుకున్న సభ్యులు మనలో ఉన్నారు. అటు అద్దె, ఇటు వాయిదా. ఒక బ్యాంకుకు అయిదుసార్లు వెళ్లాం. వెళ్లిన ప్రతిసారీ కుర్చీలో కొత్త అధికారి, మన నోట పాత కథ. చివరికి ఇద్దరి నోటీసులు వెనక్కి తీసుకున్నారు. మిగిలినవారి సంగతి ఇంకా నలుగుతూనే ఉంది.

ఇల్లు దక్కినవారి కథ వేరు. బుధవారపేటలో అద్దెకుండే మన సభ్యురాలు ఒకరు సి క్యాంపులో ఇళ్లలో పనిచేస్తారు. గట్టు మీద ఇల్లు వచ్చింది, పాలు పొంగించారు, మూడు నెలలు ఉన్నారు, మళ్లీ అద్దె గదికి వచ్చేశారు. కారణం అడిగితే ఆమె చెప్పింది ఇది: "మొదటి బస్సు వచ్చే వేళకు నేను రెండిళ్లలో అంట్లు తోమేసి ఉండాలన్నా." ఆటోలో వెళ్తే రెండిళ్ల జీతం ఆటోకే సరి. ఇప్పుడు గట్టు ఇంటి తాళంచెవిని పిన్నీసుకు తగిలించి మెడలో వేసుకుని తిరుగుతోంది. నెలకొకసారి వెళ్లి ఊడ్చి, దీపం పెట్టి వస్తుంది. సర్వేకు వచ్చినవారికి తలుపు తాళం వేసి కనిపిస్తే ఇల్లు రద్దవుతుందేమోనని ఆమె భయం.

బస్సు వేళ మార్చమని నాలుగుసార్లు తిరిగాం. ఒక ట్రిప్పు ముందుకు జరిపారు. పండగ దాటగానే అది మళ్లీ పాత వేళకే పోయింది. కార్యదర్శిగా నాకు అర్థమైంది ఒకటే. ఇళ్ల లెక్క గోడలు లేచినప్పుడు మొదలుపెడుతున్నారు, పని దగ్గరికి దారి వేసినప్పుడు మొదలుపెట్టాలి.

1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఈ ఊళ్లో కార్యాలయాలకే చోటు చాలక గుడారాలు వేశారు. ప్రభుత్వానికే ఇల్లు దొరకని ఊరు మనది! ఆ సంగతి గుర్తుపెట్టుకుంటే అధికారుల మీద కోపం కొంచెం తగ్గుతుంది. పూర్తిగా మాత్రం పోదు.

స్థలం పట్టాల విషయం. 2020 డిసెంబరు 25న మొదలైన పంపిణీలో పట్టణాలవారికి ఒక సెంటు, అంటే 48 గజాల పైచిలుకు, ఇచ్చారు. తర్వాతి ప్రభుత్వం దాన్ని పట్టణాల్లో రెండు సెంట్లు చేస్తామంది. సెంటు స్థలంలో సగం కట్టి ఆపేసిన సభ్యులకు 2025 మార్చిలో చెప్పిన అదనపు సాయం (ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు) ఊరట. అర్హుల పేర్లను వార్డు సచివాలయంలో సరిచూసుకోవడానికి యువజన విభాగం సాయపడింది. సొంత స్థలం ఉన్నవారికి 2024 సెప్టెంబరులో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ రెండో విడతలో రెండున్నర లక్షల సాయం ఉంది. అయితే ఏడాది ఆదాయం మూడు లక్షలు దాటకూడదు. దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. గత ఇరవై ఏళ్లలో ప్రభుత్వ ఇల్లు పొంది ఉండకూడదు. ఈ చివరి షరతు దగ్గరే చాలామంది ఆగిపోయారు. ఎప్పుడో అత్తగారి ఊళ్లో మంజూరై, పునాది దాటని ఇల్లు కూడా కంప్యూటర్‌లో ఇల్లే.

ప్రభుత్వ స్థలంలో గుడిసె వేసుకున్నవారికి క్రమబద్ధీకరణ అవకాశం 2025 జనవరిలో వచ్చింది. 2019 అక్టోబరు 15కు ముందు నుంచి ఉంటున్నట్టు రుజువు కావాలన్నారు. పేదలకు 150 గజాల వరకు ఉచితమన్నారు. కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు, నీటి బిల్లు ఏదైనా పనికొస్తుందన్నారు. హంద్రీ ఒడ్డున ఉన్నవారికి మాత్రం ఇది వర్తించలేదు. నదీ భూమి అభ్యంతరకర భూముల కింద వస్తుంది. 2009 అక్టోబరు వరదను చూసిన ఎవరూ అక్కడే పట్టా ఇవ్వమని అడగరు, మనమూ అడగలేదు. ఖాళీ చేయించే ముందు వేరేచోట తలుపు చూపించాలని మాత్రం అడిగాం. జవాబు రాలేదు.

ఇక రాత్రి తిరుగుళ్లు. సుప్రీంకోర్టు 2010 ఆదేశాల తర్వాత వచ్చిన నియమాల ప్రకారం ఇల్లు లేనివారి కోసం పట్టణ జనాభా లక్షకు కనీసం వంద మందికి సరిపడే శాశ్వత రాత్రి వసతి కేంద్రం ఉండాలి. మనిషికి 50 చదరపు అడుగులు ఉండాలి. ఆడవారికీ, మగవారికీ, కుటుంబాలకూ విడివిడిగా ఉండాలి. 2011 లెక్కల్లోనే కర్నూలు జనాభా నాలుగు లక్షలు దాటింది. కాబట్టి అలాంటివి కనీసం నాలుగు కావాలి.

ఉగాదికి ముందు మూడు రాత్రులు ముగ్గురం కొత్త బస్టాండు, పెద్దాసుపత్రి పరిసరాల్లో తిరిగాం. ఆసుపత్రి దగ్గర చెట్ల కింద పడుకున్నవారిలో చాలామంది రోగుల బంధువులు. వారికి ఊళ్లో ఇళ్లున్నాయి, ఇక్కడ చాప తప్ప ఏమీ లేదు. బస్టాండులో కోసిగి వైపు నుంచి సుగ్గికి, అంటే కూలిపనుల వలసకు పోయి, గుంటూరు వైపు మిరప కోతలు ముగించుకుని వస్తున్న దంపతులు కనిపించారు. పక్కన రెండు గోతాలు, వాటి ఘాటుకు మాకూ దగ్గు. తెల్లవారేదాకా బస్సు లేదు. రాత్రి వసతి ఉంది రండి అన్నాం. భర్త మగవారి కేంద్రానికీ, భార్య మరోచోటికీ పోవాలని తెలిసి ఆయన నవ్వి, "మిరపకాయలు ఎవరి దగ్గర పెట్టాలి సారూ?" అన్నాడు. అక్కడే టార్పాలిన్ పరిచారు.

ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు రాసి మెప్మావారికి (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ఇచ్చాం. కుటుంబాలకు ప్రత్యేకంగా ఒక కేంద్రం, సామాను పెట్టుకోవడానికి తాళం వేసుకునే గది అడిగాం. పరిశీలిస్తామన్నారు. ఆవాస్ రెండో విడతలో అద్దె ఇళ్లకూ వెసులుబాటు ఉంది. బస్టాండుకూ ఆసుపత్రికీ నడిచి వెళ్లగల దూరంలో చవక అద్దె గదులు కట్టమని నగరపాలక సంస్థను కోరుతూ తీర్మానం సిద్ధం చేశాం. సొంతిల్లే కావాలనే సభ్యులు దీన్ని ఒప్పుకోరని తెలుసు. చర్చించి ఓటు వేయండి.

సర్వసభ్య సమావేశం ఈసారి ఉదయం కాదు, రాత్రి ఎనిమిదికి పెట్టాం. ఇళ్లలో పనిచేసే సభ్యులు అంతకుముందు రాలేరు. టిడ్కో వాటా రసీదు, బ్యాంకు నోటీసు ఉంటే జిరాక్సు తెచ్చుకోండి.

ఇట్లు,
కార్యదర్శి