రెండు క్యారేజీల్లో సొరచేప వెళ్లింది

చెన్నైలోని మన కోడంబాక్కం కర్రీ పాయింట్ నుంచి గర్భిణులకు బుధవారం, శనివారం చేపల క్యారేజీ పంపుతున్నాం కదా. పోయిన బుధవారం అందులో తప్పు జరిగింది. ఎవరో చెప్పగా మీకు తెలియడం నాకిష్టం లేదు.

వేట నిషేధం రోజులివి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా కాసిమేడు చేపల రేవులో పెద్ద బోట్లు కదలవు. ఆరేళ్లుగా మాకు చేపలు వేసే ఆయన, పండుగప్ప అని తోలు తీసిన ముక్కలు పంపాడు. అప్పుడే ఆపాల్సింది. నమ్మకంతో పొయ్యి ఎక్కించాను. రెండు క్యారేజీలు బయల్దేరాక, మిగిలిన పచ్చి ముక్కలు కడుగుతూ అమ్మ ఆగిపోయింది. ఎక్కడా ఒక్క ముల్లు లేదు. మధ్యలో వెన్ను చోట కత్తికి కరకరా తెగే మెత్తటి బిళ్ల. ముక్కు దగ్గర పెడితే అమోనియా ఘాటు. "ఇది సొరే" అంది. ఫోన్ చేస్తే ఆయన, "పులుసులో ఎవరికి తెలుస్తుందమ్మా" అన్నాడు. నా చేతి వంట తినే మనుషుల గురించి అన్న మాట అది. ఇంకా మింగుడుపడలేదు. ఆయన లెక్క తీర్చేశాను.

ఇద్దరికీ వెంటనే ఫోన్ చేశాను. ఒకరు మూత తీయలేదు. ఇంకొకరు రెండు ముక్కలు తిన్నారు. ఒక్కసారికి కంగారు పడక్కర్లేదని, మళ్లీ మళ్లీ తినొద్దని వాళ్ల డాక్టరమ్మ చెప్పారట. డబ్బు తిరిగిచ్చేశాను.

సొర చిన్న చేపల్ని తిని బతుకుతుంది. వాటిలోని పాదరసం ఏళ్ల తరబడి దాని కండలో పేరుకుంటుంది. ఎంత ఉడికించినా పోదు. తల్లి మళ్లీ మళ్లీ తింటే ఆ పాదరసం మాయ (ప్లాసెంటా) దాటి బిడ్డ మెదడుకు చేటు చేయొచ్చు.

ఇది తెలిశాక రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఎందుకంటే సొరచేపతో చేసే సొరపిట్టు మా నాయనమ్మ వంట. పాలు పడతాయని మా కాకినాడ వైపు బాలింతకు పెడతారు. నేను పుట్టినప్పుడు అమ్మ తిన్నదీ అదే, ఈ కొట్టుకి పేరు తెచ్చిందీ అదే. అయినా ఇకమీదట గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు సొరపిట్టు కట్టను. పెద్ద వంజరమూ ఇవ్వను. అత్తగార్లు వచ్చి అడిగినా సరే, అలిగినా సరే.

అలాగని చేపలు మానేయకండి. పాదరసం తక్కువుండే చేపలు వారానికి 225 నుంచి 340 గ్రాములు తినమని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గర్భిణులకు చెబుతోంది. మా రెండు క్యారేజీలూ కలిపితే 240 గ్రాములు. నెత్తళ్లు, కవళ్లు, రొయ్యలు, అన్నీ బాగా ఉడికించినవే. తలా తోలూ ఉన్న చేపే ఇక మా గుమ్మం దాటుతుంది.

నిషేధం అయ్యేదాకా నాటు పడవల వాళ్లకు పడినంతే. చేప దొరకని రోజు క్యారేజీ ఉండదు, ముందురోజు రాత్రే ఫోన్ చేసి చెబుతాను.