మూడు నెలలకే చెరిపేయాల్సిన గొంతులా ఇవి, మంత్రి గారూ?

రేడియో ప్రసారాల వ్యవహారాలు చూసే మంత్రివర్యులకు గుంటూరు నుంచి నమస్కరించి రాస్తున్నది.

అయ్యా,

ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ రిజిస్టర్ పోస్టులో పంపాను. ముట్టినట్టు రసీదులు వచ్చాయి, జవాబు ఒక్కదానికీ రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

కమ్యూనిటీ రేడియో, అంటే చుట్టుపక్కల ఊళ్ళకే వినిపించే చిన్న స్టేషన్ల, నిబంధనలు మీకు చెప్పేంతదాన్ని కాను. నా గోడంతా అందులోని ఒక్క వాక్యం గురించే. ప్రసారమైన ప్రతి కార్యక్రమాన్నీ స్టేషన్ 3 నెలలు భద్రపరచాలి. ఫిర్యాదు వస్తే విని చూడడానికి ఆ గడువు చాలు కాబోలు. నాలుగో నెలలో ఆ మాటలు ఏమైపోవాలో ఆ వాక్యం చెప్పదు.

మా జిల్లాలోని ఒక చిన్న స్టేషన్‌లో ఆరేళ్ళు, ప్రతి గురువారం రాత్రి అరగంట, మనుషుల్ని కూర్చోబెట్టి మాట్లాడించాను. "మిమ్మల్ని మీ ఊరు ఏమని పిలుస్తుంది?" అన్నదే నా మొదటి ప్రశ్న. చుండూరులో దళితుల్ని ఊచకోత కోసిన తర్వాత ఊరొదిలి వచ్చిన ఒక పెద్దావిడ, "మీది ఏ ఊరమ్మా అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నోరు పెగలదు" అంది. బెజవాడలో అద్దెకి ఇల్లు దొరకని ట్రాన్స్‌జెండర్ అమ్మాయి వచ్చింది. మంగళగిరిలో మగ్గం గుంతలోనే వయసంతా గడిపిన తాత వచ్చాడు.

చిలకలూరిపేట వైపు నుంచి ఒక సన్నాయి విద్వాంసుడు వచ్చాడు. నేను రాయాల్సింది ఆయన గురించే.

ఆయన దూదేకుల, అంటే దూది ఏకే వృత్తి నుంచి వచ్చిన ముస్లిం కులం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. తాత, తండ్రి, తను, మూడు తరాలుగా రాములవారి కల్యాణానికి వాయించారు. "గట్టిమేళం నాది మోగితేనే తాళి పడుద్దమ్మా. భోజనాల వేళ మాత్రం నా ఆకు వేరే వేస్తారు. మసీదుకి పోతే ఉర్దూ రాని సాయిబువేంటంటారు" అన్నాడు. కులం కాగితంలో బీసీ-బి అని ఉంటుంది కదా అన్నాను. "అది ఆఫీసుకి. నాకు నేనెవర్ని?" అని ఆగిపోయాడు. పది సెకన్ల పైగా మాట లేదు. రేడియోలో అంత నిశ్శబ్దం తప్పంటారు, అయినా నేను కత్తిరించలేదు. ఆ పది సెకన్ల తర్వాత ఆయన కళ్ళు తుడుచుకుని, నేనడక్కుండానే సన్నాయి నోట పెట్టుకున్నాడు.

పోయిన ఆషాఢంలో, ముహూర్తాలు లేని రోజుల్లో, ఆయన పోయాడు. నెల తిరక్కుండా కూతురు నా దగ్గరికొచ్చింది. "పెళ్ళి వీడియోల్లో నాన్న సన్నాయి ఉందక్కా. మాట ఎక్కడా లేదు. మీ రేడియోలో మాట్లాడాడుగా, ఒక్కసారి వినిపించండి." ఆ పిల్లని వెంటబెట్టుకుని స్టేషన్‌కి వెళ్ళాను. డిస్కులో జాగా చాలక పాతవి తీసేశామన్నారు. "మూడు నెలలు ఎప్పుడో దాటిపోయాయి కదా మేడమ్" అన్నారు. నిబంధన ప్రకారం వాళ్ళు చేసింది తప్పు కాదు, అదే నా బాధ. నా దగ్గర ఒక కాపీ ఉంచుకోకపోవడం నా తప్పే. స్టేషన్‌లో ఉంటే భద్రంగా ఉన్నట్టే అనుకున్నాను.

అయ్యా, అరగంట మాట మామూలు ఎంపీ3లో ముప్పై ఎంబీ కూడా ఉండదు. నా ఆరేళ్ళ కార్యక్రమం మొత్తం కలిపితే 9 జీబీ. జేబులో పట్టే పెన్‌డ్రైవ్‌లో ఇంకా ఖాళీ మిగులుతుంది. అంతమాత్రం చోటు దొరకలేదా మా మనుషులకి?

పెద్ద విద్వాంసుల గొంతులు ఆకాశవాణి దాచింది, వాళ్ళకి దండం పెడతాను. 1948 డిసెంబర్ 1న బెజవాడలో మొదలైన కేంద్రాన్ని వింటూ పెరిగిన ఇల్లు మాది. గుర్రం జాషువా గారు మద్రాసు రేడియోలో కొన్నాళ్ళు ఉద్యోగం చేశారని తెలిసినప్పుడు మా నాన్న ఎంత పొంగిపోయాడో! జాషువా అంతటి వాళ్ళని పిలవడానికి పెద్ద స్టేషన్లున్నాయి. రాములవారి గుళ్ళో వాయించే దూదేకులాయనని పిలవడానికి ఉన్నది పదీ పన్నెండు కిలోమీటర్లు దాటని మా 100 వాట్ల స్టేషనే. ఆయన మాట అక్కడ పోతే ఇంకెక్కడా దొరకదు.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ గాలిలో తన బతుకు చెప్పుకున్న మనిషి మాట ఆ మనిషి పిల్లలకి దక్కొద్దా?

ఆ మూడు నెలల మాట మార్చండి. చెరిపే ముందు మాట్లాడిన వాళ్ళకో, వాళ్ళ ఇంటివాళ్ళకో ఒక కాపీ ఇవ్వమని రాయండి. ఇలాంటి స్టేషన్లన్నీ పాత కార్యక్రమాలు తెచ్చి దాచుకునే చోటు ఒకటి చూపించండి, విశ్వవిద్యాలయంలోనైనా, గ్రంథాలయంలోనైనా సరే. ఎలా చేస్తారో మీకే వదిలేస్తున్నాను, చెరపడం మాత్రం ఆపించండి. మూడు ఉత్తరాల్లోనూ అడిగింది ఇదే.

ఇంకొక్కటి, ఇది తొందరది. ఆ డిస్కు ఇంకా స్టేషన్‌లోనే ఉంది. చెరిగినదాన్ని వెనక్కి తీయగలిగిన వాళ్ళున్నారని, దాని మీద కొత్తవి ఎక్కితే మాత్రం కష్టమని కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు చెప్పాడు. రోజూ ఏదో ఒకటి ఎక్కుతూనే ఉంది. స్టేషన్ పేరు నా మూడు ఉత్తరాల్లోనూ రాశాను. ఆ డిస్కు పక్కన పెట్టమని మీ ఆఫీసు నుంచి ఒక్క ఫోన్ చేయించండి. మరమ్మతు ఖర్చు నేను పెట్టుకుంటాను.

ఇట్లు,
ముఖాముఖి చేసిన ఒక రేడియో మనిషి,
గుంటూరు