మందు చవకైంది, మరి పరీక్ష?

సంపాదకుడు గారికి,

పసిపిల్లల కండరాలను కుంగదీసే జన్యువ్యాధి ఎస్‌ఎంఏకు (స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ) వాడే రిస్‌డిప్లామ్ మందు ధర సీసా ఆరు లక్షల రూపాయల పైమాటగా ఉండేది. హైదరాబాద్‌కు చెందిన మందుల కంపెనీ నాట్కో పేటెంట్‌పై న్యాయపోరాటంలో నెగ్గి, 2025లో దాన్ని రూ.15,900కు తెచ్చింది. సంతోషమే. కానీ చచ్చిపోయిన నాడీకణాలను ఏ మందూ తిరిగి తేలేదు. లక్షణాలు కనిపించకముందే మొదలుపెట్టాలి. అందుకు పుట్టిన వెంటనే రక్తపరీక్ష కావాలి. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే (జబ్బు లేకున్నా లోపమున్న జన్యువును మోసేవారైతే) ప్రతి కాన్పులోనూ బిడ్డకు నాలుగింట ఒక వంతు ముప్పు. మేనరికాలు మానని మన ఊళ్లలో (మానమంటే వినేదెవరు?) ఈ సంగతి చెప్పేవారే లేరు. జన్యుపరీక్షలు చేసే కేంద్ర సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రి ఉన్నది హైదరాబాద్‌లోనే. వాటి సాయంతో రెండు రాష్ట్రాలూ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో ఈ పరీక్షను ఉచితంగా ప్రారంభించాలి. ఖర్చు మాట ఎత్తేవారు, అరుదైన వ్యాధులపై కేంద్ర విధానం కింద చికిత్సకు ప్రభుత్వం ఒక్కో రోగికి రూ.50 లక్షల వరకు ఇస్తోందని గమనించాలి.

– ఒక పాఠకురాలు, ఖమ్మం