మార్చి 1 సంస్మరణ సభ జమా ఖర్చుల వివరణ

అణు పరీక్షల బాధితుల కోసం పెట్టిన సభ అయిపోయి రెండు నెలలు దాటినా లెక్క చెప్పలేదేమని వాట్సాప్ గ్రూపులో అడుగుతున్నారు. అడగాల్సిందే. వారి స్మారకంగా పెట్టే రాయి నిలబెడితే గానీ లెక్క తేలదని ఆగాం. అది ఏప్రిల్ ఆఖరి వారంలో మన తుఫాను షెల్టర్ పక్కన నిలబడింది.

జమ: మూడు రసీదు పుస్తకాల మీద 38,650. ఊరి బోట్లు 31, బోటుకు 200 చొప్పున 6,200. ఉపాధ్యాయులు, పెన్షనర్లు 14,500. విశాఖ, హైదరాబాద్‌లలో ఉంటున్న మన పిల్లలు ఫోన్‌పేలో వేసింది 11,150. మొత్తం 70,500 రూపాయలు. అందరికీ దండాలు, చేప సరిగా పడని రోజుల్లో ఇచ్చిన బోట్ల వాళ్లకు మరీను.

మైకు పట్టుకుని నలుగురు ప్రకటించిన 13,000 మాత్రం ఇంకా అందలేదు. పేర్లు రాయడం లేదు. చప్పట్లు కొట్టిన వాళ్లకు గుర్తుంది, ప్రకటించిన వాళ్లకూ గుర్తుండే ఉంటుంది.

ఖర్చు: షామియానా, కుర్చీలు, మైకు 9,500. ఫ్లెక్సీలు, కరపత్రాలు 7,800. టిఫిన్లు, భోజనం ప్యాకెట్లు, టీలు 8,400. ఫొటో ప్రదర్శనకు 24 ప్రింట్లు 4,320. వ్యాను 3,000. ఇంతవరకు 33,020. ఓచర్లన్నీ ఉన్నాయి, వచ్చి చూసుకోవచ్చు.

ఇక రాయి. దానికి 36,000 అయింది.

జనవరి మీటింగులో మేం చెప్పిన అంచనా 25,000. టెక్కలి నీలం గ్రానైటు పలక 16,000, అక్షరానికి 25 చొప్పున 260 అక్షరాలకు 6,500, బండి కిరాయి 2,500. మరి పైన పడిన 11,000 ఏమైంది?

అందులో 2,000 అక్షరాలకు. రాయి మీద చెక్కించాలని మొదట రాసుకున్నది పసిఫిక్ సముద్రంలోని మార్షల్ దీవుల గురించే. 1946 నుంచి 1958 దాకా అమెరికా అక్కడ 67 అణు పరీక్షలు చేసింది. 1954 మార్చి 1న అక్కడి బికినీ దీవిలో పేల్చిన బాంబుకు పగడపు దిబ్బ పొడైపోయి రొంగెలాప్ దీవి మీద తెల్లగా రాలింది. పిల్లలు దానితో ఆడుకున్నారు. వాళ్లను రెండు రోజుల తర్వాత గానీ అక్కడి నుంచి తీసుకెళ్లలేదు. ఇది చదివి వినిపిస్తే వేటకెళ్లే పెద్దాయన ఒకరు, "ఆ వేళప్పుడు సముద్రం మీద ఎవరూ లేరా?" అన్నారు. ఉన్నారు. ట్యూనా వేటకొచ్చిన జపాన్ బోటు లక్కీ డ్రాగన్, అందులో 23 మంది. బూడిద పడిన ఒంటితోనే, పట్టిన చేపతోనే ఒడ్డు చేరారు. రేడియో ఆపరేటర్ కుబోయామా ఆ సెప్టెంబరులో చనిపోయాడు. బోటుకు 200 తీసుకుని పెట్టే రాయి మీద వాళ్లు లేకపోతే ఎలా? 80 అక్షరాలు పెరిగాయి.

5,200 దిమ్మెకు. సిమెంటు, ఇటుక తాను పంపిస్తానన్న పెద్దమనిషి ఫోన్ ఎత్తడం మానేశారు. ఆయన పై నలుగురిలో లేరు, వేరే.

మిగతా 3,800 మీదే అసలు గొడవ. ఫిబ్రవరి 26న బండి దిగిన పలక మీద 1954 బదులు 1945 అని ఉంది. మా కాగితంలో సరిగ్గానే ఉంది. చెక్కినాయన, "బాంబంటే హిరోషిమా కదండీ, మీరే తప్పు రాశారనుకుని సరిచేశాను" అన్నాడు. అందుకే సభ రోజు మీరు చూసింది రాయి కాదు, రాయి ఫొటో వేసిన ఫ్లెక్సీ. తప్పు అతనిదైతే డబ్బులు మనమెందుకు ఇవ్వాలని అడుగుతున్నారు. చెక్కే ముందు సుద్దతో రాసినప్పుడు మా సభ్యుడొకరు టెక్కలి వెళ్లి చూసి, బాగుందని చెప్పి, టీ తాగి వచ్చారు. అందుకని మొత్తం అతని నెత్తిన వేయలేకపోయాం. పలక తిరగేసి వెనక వైపు పాలిష్ పట్టినందుకు ఇచ్చిందే ఆ 3,800. 340 అక్షరాలూ మళ్లీ చెక్కినందుకు అతను పైసా తీసుకోలేదు.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో తలపెట్టిన అణు విద్యుత్ కేంద్రం గొడవకు ఈ డబ్బు మళ్లించారన్న మాట కూడా తిరుగుతోంది. ఒక్క రూపాయి కూడా పోలేదు. కొవ్వాడ మీద కమిటీలోనే రెండు అభిప్రాయాలున్నాయి, అందుకే సభలో ఆ ఊసు తేలేదు. అమెరికానొక్కదాన్నే తప్పుపట్టారన్నవాళ్లు ఫొటోలు సరిగా చూడలేదు. కజకిస్తాన్‌లోని సెమిపలాటిన్‌స్క్‌లో సోవియట్ వాళ్లు చేసిన 456 పరీక్షల గురించి తొమ్మిది ప్రింట్లు పెట్టాం. వాటిని టీల బల్ల వెనక పెట్టడం మా పొరపాటే.

మొత్తం ఖర్చు 69,020. చేతి నిల్వ 1,480, కోశాధికారి దగ్గర ఉంది. దిమ్మె వెనక్కి వెళ్లి చూస్తే ఇప్పటికీ 1945 కనిపిస్తుంది, పిల్లలు వెళ్లి మరీ చూస్తున్నారు. దాన్ని పూడ్పించడానికి ఈ నిల్వ చాలదు. ఆ 13,000లో కొంతైనా వస్తే అణు పరీక్షల వ్యతిరేక దినమైన ఆగస్టు 29లోపు చేయిస్తాం.