శిలాతోరణం లావాతో పుట్టలేదు

సంపాదకులు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో హవాయి బీచ్‌ల మీద రెండు పేజీలు వచ్చి పది రోజులైంది. ఈపాటికి పెద్దలెవరైనా రాస్తారులే అని ఊరుకున్నాను. ఎవరూ రాయలేదు.

పునలూలో నల్ల ఇసుక, పాపకోలియాలో పచ్చ ఇసుక, 2018లో కిలావియా అగ్నిపర్వతం పొంగి ఏడు వందల దాకా ఇళ్లను మింగడం, అన్నీ బాగానే ఉన్నాయి. వెయ్యి డిగ్రీలు దాటిన లావా సముద్రంలో పడి చిట్లితే నల్ల ఇసుక అవుతుందన్నదీ సరే. కానీ చివర్లో ‘మన దగ్గరా ఉంది’ అంటూ తిరుమల శిలాతోరణం బొమ్మ వేసి, కింద ‘అగ్నిపర్వతం చెక్కిన తోరణం’ అన్నారు చూడండి, అక్కడ ఒళ్లు మండింది.

అయ్యా, అది లావా కాదు, ఇసుక. సుమారు 150 కోట్ల ఏళ్ల కిందట నీటి అడుగున పేరుకున్న ఇసుక బిగిసి క్వార్ట్‌జైట్ రాయి అయింది. గాలీ వానా తొలిచేయగా 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు తోరణం మిగిలింది. అగ్నిపర్వతమే కావాలంటే అండమాన్‌లో బారెన్ దీవి ఉంది కదా! నూటయాభై ఏళ్లకు పైగా నిద్రపోయి 1991లో లేచింది. రెండు పేజీల్లో దానికి ఒక్క ముక్క చోటు దొరకలేదు.

ముప్పై ఏళ్లు భూగోళం చెప్పినవాణ్ని. మా కొండ రాళ్ల మీద అలల ముద్రలుంటాయి. నీళ్లు వెనక్కి పోయాక ఇసుకలో మిగిలే చారలే, రాయిగా మారాయంతే. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లల్ని తీసుకెళ్లి చూపిస్తే, ఒక పిల్ల అరచెయ్యి ఆనించి, చారల్ని వేలితో లెక్కపెట్టి, “ఈడ సముద్రం ఉండిందా సార్?” అంది. మీ విలేకరికి ఆపాటి అనుమానం కూడా రాలేదు.

ఘాట్ రోడ్డులోనే ఇంకో వింత ఉంది. అడుగున గ్రానైటు, పైన క్వార్ట్‌జైట్, రెంటి నడుమ 80 కోట్ల ఏళ్ల లెక్క గల్లంతు, అంటే అంతకాలపు రాళ్లే అక్కడ లేవు. భూగర్భ సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది. రోజూ వేలమంది గోవిందా అంటూ దాని పక్కనుంచే పోతారు, సగంమంది మలుపుల్లో నిమ్మకాయ వాసన చూసుకుంటూ. ఘాట్‌లో బండి ఆపకూడదు, ఒప్పుకుంటాను. బస్సులో ఒక్క మాట చెప్పించడానికి ఏ ఫైలు కదలాలో!

బీచ్ సంగతీ అంతే. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతికి సముద్రం వచ్చిందని సంబరపడ్డాం. కార్తీకంలో మనవళ్లతో తూపిలిపాళెం బీచ్‌కి పోతే, ఆడవాళ్లు తడిబట్టలు మార్చుకోవడానికి మా కోడలు రెండు చీరలు అడ్డం పట్టాల్సి వచ్చింది. ఇసుకలో సీసా పెంకులు ఏరి పిల్లల్ని దించాను. ఏటా సెప్టెంబరు 27న పర్యాటక దినోత్సవం శాలువాలకు మాత్రం లోటుండదు.

సవరణ వేస్తారనే అనుకుంటున్నాను. ఏడో పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో కాకుండా, అదే అనుబంధంలో, అదే సైజు బొమ్మతో వేయండి. అలల ముద్రల ఫొటో నా దగ్గరుంది, పంపుతాను.

– ఒక విశ్రాంత భూగోళ ఉపాధ్యాయుడు, తిరుపతి