నాన్న మళ్లీ సూది పట్టుకున్నారు, మీ అందరి చలవ

అందరికీ నమస్కారం. "మాస్టారు ఎలా ఉన్నారమ్మా" అని మా సందులోవాళ్లు, చుట్టాలు అడుగుతూనే ఉన్నారు. ఎవరికి వాళ్లకి చెప్పుకునే బదులు ఇక్కడ రాస్తున్నాను.

తెనాలిలో నలభై ఏళ్లు ప్యాంట్లూ చొక్కాలూ కుట్టిన మనిషి మా నాన్న. ఇప్పుడు 73. అమ్మ సంవత్సరీకం అయ్యాక మెల్లమెల్లగా మంచానికి అంటుకుపోయారు. ఏడుపు లేదు, కోపం లేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేది, ఇక గోడవైపు తిరిగి పడుకునేవారు. స్నానం మూడ్రోజులకోసారి, అన్నం రెండు ముద్దలు. ఎన్ని వేల కాజాలు కుట్టారో ఆ చేతులు ఒళ్లో పడి ఉండేవి, చొక్కా గుండీలు నేను పెట్టేదాన్ని. పేర్లు కూడా మర్చిపోతుంటే మతిమరుపు జబ్బేమోనని హడలిపోయాం. మొదట చూపించిన డాక్టరుగారు "వయసమ్మా, అంతే" అని బలానికి మాత్రలు రాసి పంపేశారు. ఆ మాట పట్టుకుని నాలుగు నెలలు కూర్చున్నాం.

మొదటి దణ్ణం, మానసిక ఇబ్బందులకి సలహా చెప్పే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్‌లో (14416) ఓ రాత్రి నేను చేసిన ఫోనెత్తిన అమ్మాయికి. తొందరపెట్టకుండా నా గోడు మొత్తం తెలుగులో విన్నది. ముసలితనం వేరు, డిప్రెషన్ వేరని, మానసిక వైద్యులకి చూపించమని తనే చెప్పింది.

గుంటూరు పెద్దాసుపత్రిలో నాన్నని పదిహేను ప్రశ్నలు అడిగారు, అవును కాదు అని చెప్పడమే. ప్రతిదానికీ ఆయన నా మొహంలోకి చూస్తుంటే నన్ను బయట కూర్చోమన్నారు. రక్తపరీక్షల్లో థైరాయిడ్, బి12, సోడియం చూశారు. మతిమరుపు ఈ దిగులు వల్ల కూడా రావచ్చు, తగ్గాక మళ్లీ పరీక్షిద్దాం అన్నారు. మందు చిన్న మోతాదుతో మొదలుపెట్టారు. ఇది నిద్రమాత్ర కాదు, గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, పెద్దవాళ్లకి ఇంకాస్త ఎక్కువే పట్టొచ్చు, బాగయింది కదాని మీ అంతట మీరు ఆపొద్దు అని రెండుసార్లు చెప్పారు. రెండో వారం తల తిరుగుతోందంటే సోడియం మళ్లీ చూశారు. పెద్దవాళ్లలో ఈ మందులకి అది పడిపోవచ్చట. ఆ డాక్టరుగారికి రుణపడి ఉంటాను.

అక్కడి కౌన్సెలర్ మేడం అడిగిన ప్రశ్న మాత్రం నా బుర్రలో ఇంకా తిరుగుతోంది. "ఆయనకి మీరు ఏమేం చేసిపెడుతున్నారు?" గొప్పగా లెక్క చెప్పాను: గడ్డం గీయించడం, నీళ్లు తోడటం, అన్నం కలపడం, చెప్పులు తెచ్చివ్వడం. అంతా విని, "ఇందులో రెండు పనులు ఈ వారం ఆయనకే ఇచ్చేయండి. ఓపిక వచ్చాక చేస్తారని చూడొద్దు, చేస్తుంటే వస్తుంది" అన్నారు. ప్రేమనుకుని నేనే ఆయన చేతుల్లోంచి ఒక్కో పనీ లాగేసుకున్నానన్నమాట.

దుప్పటి మడతపెట్టడం ఒకటి, పాల ప్యాకెట్ తేవడం రెండు. బూత్ నాలుగిళ్ల అవతలే. మొదటిరోజు నలభై నిమిషాలు పట్టింది. పాల బూత్ బాబాయ్‌గారూ, ఆయన ఎంత ఆలస్యంగా వచ్చినా ప్యాకెట్ పక్కన పెట్టి, చిల్లర ఆయన చేతే లెక్కపెట్టించి, ఆయన బయల్దేరగానే నాకు ఫోన్ కొట్టేవారు. నెలన్నర పాటు ఒక్కరోజూ విసుక్కోలేదు.

ఇక ఎదురింటి పిన్నిగారు. వాళ్లబ్బాయి స్కూలు ప్యాంటు తెచ్చి, పొడవు తగ్గించాలి మాస్టారూ అని మిషన్ మీద పెట్టి వెళ్లారు. తొమ్మిది రోజులు అక్కడే ఉంది. నేను తిరిగిచ్చేయబోతే పిన్నిగారే వద్దన్నారు, పిల్లాడు పాత ప్యాంటుతోనే బడికెళ్లాడు. పదోరోజు సాయంత్రం నాన్న మా వాడి చేత సూదిలో దారం ఎక్కించుకున్నారు. ఒక కాలు మడిచి హెమ్మింగ్ చేశారు. దీపం కిందికి తీసుకెళ్లి చూసి, "ఇదీ ఒక కుట్టేనా, ఛీ" అని బ్లేడుతో మొత్తం విప్పేశారు. ఏడాదిగా ఆ తిట్టు వినలేదు మేము. అది వింటూ నేను గుమ్మంలోనే నిలబడిపోయా, లోపల పాలు పొంగి పొయ్యంతా పాడైంది.

మందు ఇంకా వాడుతున్నారు. కొన్ని రోజులు మూడింటికే లేస్తారు. ఒంటరిగా బస్సెక్కరు, అమ్మ బీరువా తెరవరు. కానీ గుండీలు ఆయనే పెట్టుకుంటున్నారు, గడ్డం ఆయనే గీసుకుంటున్నారు, కూరలో ఉప్పు తక్కువైతే చెబుతున్నారు.

బట్టలు ఇవ్వొచ్చా అని అడుగుతున్నవాళ్లకి: ఇవ్వొచ్చు. ప్యాంట్లు పొడవు తగ్గించడం, గుండీలు, హుక్కులు ఒప్పుకుంటున్నారు. శనివారం లోపు ఇస్తే మంగళవారానికి అవుతాయి, కాకపోతే ఏమీ అనకండి. జాకెట్లు అడగొద్దు, అమ్మవి తప్ప ఆయన ఎప్పుడూ కుట్టలేదు.