చెలమ ఊట, చమురు బావి

ఒరేయ్ మామా,

మొన్న ఫోన్ మాట మధ్యలోనే తెగిపోయింది. ఇక్కడ సిగ్నల్ సంగతి నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ నీ కూతురి ప్రశ్న మాత్రం నన్ను రెండు రోజులుగా వదల్లేదు. "చిన్నాన్నా, భూమి కింద చమురు చెరువులాగా ఉంటుందా? ఎంత ఉందో ఎట్లా కొలుస్తారు?" అంది కదా. వాట్సాప్‌లో రెండు ముక్కలు కొట్టేద్దామని చూశాను, కుదర్లేదు. ఈ రాత్రి డ్యూటీలో చమురు బావి మూసేసి ఊరికే కూర్చున్నాం. చుట్టూ కొబ్బరి తోటలు, దోమలు. అందుకే కాగితం తీశా.

చెరువు కాదు, చెలమ అని చెప్పు దానికి. ఎండాకాలం పెన్న ఎండిపోతే మనం ఇసుకలో చేతులతో తోడేవాళ్ళం గుర్తుందా? పైన కాళ్ళు కాలిపోయేవి. మూర లోతు తవ్వితే తడి, ఇంకాస్త తవ్వితే నీళ్ళు. కింద నీళ్ళ గుంట ఏదీ దాక్కుని లేదు, ఇసుక రేణువుల సందుల్లో ఉన్న నీళ్ళే ఊరి వచ్చేవి. చమురూ అంతే. ఆ ఇసుక కోట్ల ఏళ్ళు అణిగి రాయి అయింది, ఆ రాతి సందుల్లో ఉప్పునీళ్ళు, చమురు, గ్యాసు ఇరుక్కుని ఉన్నాయి.

డ్రిల్లింగ్ చేస్తూ అప్పుడప్పుడూ ఆ రాయిని గుండ్రటి కడ్డీలాగా కోసి పైకి తెస్తారు. దాన్ని కోర్ అంటాం. మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు నిరుత్సాహమే కలిగింది, ఇంటి ముందు పడుండే రాయికీ దానికీ తేడా కనపడలేదు. ల్యాబ్‌లో కడిగి ఆరబెట్టిన ముక్క మీద ఒక చుక్క నీళ్ళు వేసి చూపించాడు మా సీనియర్. చూస్తుండగానే తాగేసింది. రాయి నీళ్ళు తాగడం అదే మొదటిసారి చూడ్డం. ఎంత ఖాళీ ఉందో తెలియడానికి హీలియం ఎక్కించి కొలుస్తారు, అది ఎంత సన్నటి సందులోనైనా దూరుతుంది కాబట్టి. నూటికి ఇరవై పాళ్ళు ఖాళీ ఉందంటే మంచి రాయి అన్నట్టు.

కానీ ఖాళీ ఉంటే చాలదు మామా, ఊట ఉండాలి. మన నల్లరేగడి నేల నీళ్ళు ఎన్నైనా తాగుతుంది, అందులో చెలమ తీస్తే మాత్రం చుక్క ఇవ్వదు. సందులు ఒకదానికొకటి కలిసి ఉండాలి. ఈ ఊటని కొలిచే యూనిట్ పేరు డార్సీ. ఆయన చమురు మనిషి కానే కాదు. ఫ్రాన్స్‌లో దిజోన్ ఊరికి మంచినీళ్ళ పని చూసిన ఇంజినీరు. ఇసుక గుండా నీళ్ళు ఎంత వేగంగా దిగుతాయో కొలిచి 1856లో అచ్చు వేశాడు. మా వాళ్ళం ఇప్పటికీ ఆయన పేరు చెప్పుకునే బతుకుతున్నాం.

ప్రతి బావిలోనూ కోర్ తీయాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే కేబుల్‌కి పరికరాలు కట్టి బావిలోకి దించి రాయిని చదువుతారు. దీన్ని లాగింగ్ అంటారు. మొదటిసారి 1927 సెప్టెంబర్ 5న ఫ్రాన్స్‌లోని పెషెల్‌బ్రాన్‌లో చేశారు, ష్లంబర్జే అన్నదమ్ముల ఆలోచన. మీటరుకొకసారి ఆపి, కరెంటు పంపి, వచ్చిన అంకె చేత్తో రాసుకున్నారట. ఉప్పునీళ్ళలో కరెంటు పారుతుంది, చమురులో పారదు. రాయి కరెంటుని ఎంత అడ్డుకుంటే అంత ఆశ. ఆ అడ్డుకోవడం నుంచి నీళ్ళ వాటా లెక్కగట్టే సూత్రాన్ని ఆర్చీ అనే ఆయన 1942లో ఇచ్చాడు. నీళ్ళు పోగా మిగిలింది చమురో గ్యాసో.

అన్నట్టు, మా లాగింగ్ బండిలో టెన్షన్‌కి ఒక మీటరే ఉంటుంది తెలుసా! కేబుల్ ఎంత బిగుసుకుందో చూపిస్తుంది. పరికరం కింద ఇరుక్కుంటే ఆ ముల్లు ఎగబాకుతుంటుంది, దాంతోపాటు మా బీపీ కూడా.

అయితే ఈ పరికరాలకు బావి గోడ పక్కన కొన్ని అడుగులే కనపడతాయి. దూరాన ఏముందో తెలియాలంటే ప్రెషర్‌ని అడగాలి. మూడు కిలోమీటర్ల లోతులో నీటి బరువు లెక్కనే ప్రెషర్ 4,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాటుతుంది. మన కారు టైరులో ఉండేది ముప్ఫై చిల్లరే. ఇక్కడి వాళ్ళకి ప్రెషర్ గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదులే. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి పేలి 65 రోజులు మండింది. టీ కొట్టు దగ్గర కూర్చుంటే ఇప్పటికీ "బ్లోఅవుట్ అప్పుడు" అనే కథ మొదలుపెడతారు.

ఇప్పుడు మీ తాతని గుర్తు తెచ్చుకో. దిగుడు బావి నీళ్ళు మోటారుతో తోడించి, ఆపేసి, గట్టున బీడీ కాలుస్తూ కూర్చునేవాడు. "గంటలో మూడు మెట్లు ఎక్కింది, ఊట బాగుంది" అనేవాడు. మేం ఈ రాత్రి చేస్తున్నది అచ్చంగా అదే, బీడీ ఒక్కటి తక్కువ. కొన్నాళ్ళు పారించిన బావిని మూసేసి, అడుగున ప్రెషర్ ఎట్లా కోలుకుంటుందో చూస్తాం. మెట్లకు బదులు క్వార్ట్జ్ స్ఫటికం ఉన్న గేజ్. వేల పీఎస్ఐ మీద 0.01 తేడా కూడా పట్టేస్తుంది. కొన్ని బావుల్లో చంద్రుడి ఆకర్షణకి భూమి సాగి ముడుచుకునే తేడా కూడా గీతలో సన్నటి అలలాగా కనపడుతుంది.

ఆ ప్రెషర్‌ని హార్నర్ అనే ఆయన 1951లో చెప్పిన పద్ధతిలో గీస్తే తిన్నటి గీత వస్తుంది. దాని వాలు చూసి ఊట చెప్తాం. బావి అంచున డ్రిల్లింగ్ మట్టి పట్టి పూడుకుపోయి ఉంటే అదీ తెలుస్తుంది. కొంతసేపయ్యాక వాలు రెట్టింపైతే దూరాన రాయి విరిగి అడ్డుగోడ ఉందని అనుమానిస్తాం. కంటికి కనపడని గోడని గీతలో పట్టుకోవడం ఉంది చూశావా, ఈ ఉద్యోగంలో నాకు నచ్చేది అదొక్కటే.

ఎంత నచ్చితే ఏం లాభం, కొత్తలో ఒకసారి పరువు పోగొట్టుకున్నా. పారించే బావిని మూడు రోజులు మూయాలంటే ప్రొడక్షన్ వాళ్ళకి ప్రాణం మీదికి వస్తుంది. బతిమాలి ఒప్పించా. గేజ్ లోపలే అంకెలు దాచుకుంటుంది, పైకి లాగాకే చూడగలం. లాగాం. ఆరో గంట తర్వాత ఏమీ లేదు! విప్పి చూస్తే లోపల తడి. తడి దూరకుండా నేను బిగించిన ఓ-రింగ్ అనే రబ్బరు చుట్టు మీద వెంట్రుకంత గాటు. పది రూపాయల రబ్బరు, మూడు రోజుల ఉత్పత్తి. ఆ ప్రొడక్షన్ ఆయన ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. అప్పటి నుంచి ప్రతి రింగునీ గోరుతో తడిమి చూశాకే బిగిస్తా.

బావి పారినంత కాలం ఈ కొలతలు తప్పవు. ఉత్తర సముద్రంలో నార్వే వాళ్ళ భాగంలో ఎకోఫిస్క్ అని సుద్దరాయి చమురు క్షేత్రం ఉంది. తోడేకొద్దీ ప్రెషర్ తగ్గి, రాయి నలిగి, సముద్రం అడుగే కుంగింది. 1984లో గానీ ఆ సంగతి బయటపడలేదు. 1987లో అక్కడి ప్లాట్‌ఫారాలను జాకీలతో ఆరు మీటర్లు పైకి లేపారు. నీళ్ళ మధ్య నిలబడ్డ ఉక్కు కాళ్ళని కోసి, ఎత్తి, అతుకు వేయడం అంటే ఊహించుకో.

ఇక పాపకి ఒక పని అప్పగించు. మీ తాత బావిలో ఇంకా నీళ్ళున్నాయి కదా. మోటారు ఆపాక పది నిమిషాలకొకసారి తాడుకి రాయి కట్టి దించి, తడి ఎంతవరకు వచ్చిందో స్కేలుతో కొలిచి రాయమను. గంటన్నర చాలు. ఆ కాగితం ఫోటో తీసి పంపితే నేను గీత గీసి పంపుతా. గట్టు దగ్గర నువ్వు పక్కనే ఉండు, ఒక్కదాన్నే పంపకు.

నాలుగు కావస్తోంది. తెల్లారాక గేజ్ పైకి లాగుతాం. రింగు నేనే బిగించా. ఏమైందో రేపు ఫోన్ చేసి చెప్తా, సిగ్నల్ ఉంటే.

నీ మామ